పొలిమేర దగ్గర ఆగిపోయిన బొమ్మ

జగ్గయ్యపేటలో కోదాడ బస్సెక్కితే, టిక్కెట్టు జేబులో పెట్టుకుని కిటికీ పక్కన సర్దుకుని కూర్చునే లోపలే గరికపాడు వచ్చేస్తుంది. అక్కడ పాలేరు. ఈ ఒడ్డున ఆంధ్రప్రదేశ్, ఆ ఒడ్డున తెలంగాణ. ఇటు మిరప చేలే, అటూ మిరప చేలే. ఎండాకాలం కల్లాల్లో పరిచిన కాయ ఎరుపు రెండు పక్కలా ఒకటే, గాలిలో ఘాటూ ఒకటే. మామూలు రోజుల్లో బస్సు అక్కడ వేగం కూడా తగ్గించదు. కానీ ఆ నేల మీద ఎన్ని కాళ్లు ఆగిపోయాయో, ఎన్ని బళ్లు చీకట్లో దాటాయో తెలిసినవాళ్లకు ఆ ఒక్క నిమిషం గొంతుకు అడ్డం పడుతుంది.

నేను చెప్పబోయేది ఒక సినిమా కథ. ఆ సినిమాను ఎవరూ తీయలేదు. చివర్లో ఎవరో వచ్చి తీసి ఉంటారని ఎదురుచూడకండి, ఆ ఆశ వద్దు. తీయగలిగినవాళ్లు మాత్రం ఉన్నారు. ఒకరిద్దరు కాదు, ఒక తరం ఉంది. కథ వాళ్ల చేతిలో ఉంది. పాట వాళ్ల గొంతులో ఉంది. దాటివచ్చిన మనుషుల్ని వాళ్లు కళ్లారా చూశారు. ఆ తరం ఈ పొలిమేర ఊళ్లలో దీపంలా వెలిగి, కొట్టిన గాలికి చెదిరి, మద్రాసు వీధుల్లో కలిసిపోయింది. దాంతోపాటు మన మెట్ట ప్రాంతపు గుండెకోత కూడా తెర ఎక్కకుండానే పోయింది.

ఇప్పటి పిల్లలకు ఈ హద్దు 2014 జూన్ 2న పుట్టిందనిపిస్తుంది. అది పాత గాయం మీద పడిన కొత్త గీత. నందిగామ తాలూకా ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో ఉన్న రోజుల్లో, జగ్గయ్యపేట దాటి నాలుగడుగులు వేస్తే నైజాం. అక్కడ రాజు వేరు, కచేరీలో భాష వేరు, చెల్లే నాణెం వేరు. ఇక్కడి రూపాయిని కల్దారు అనేవాళ్లు, అక్కడి రూపాయిని హాలీ అనేవాళ్లు. సుమారుగా ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు వచ్చేవి. సరుకు దాటించాలంటే కరోడ్గిరి నాకా దగ్గర సుంకం కట్టాలి. పెళ్లికని కొన్న కొత్త బట్టల మూట విప్పి చూపించాలి. కూతుర్ని అటు ఇచ్చినవాళ్లు, కోడల్ని ఇటు తెచ్చుకున్నవాళ్లు ఈ నాకాల మీదుగానే చుట్టరికాలు నడిపారు.

గీత తిన్నగా కూడా ఉండేది కాదు. మునగాల పరగణా చుట్టూ నైజాం రాజ్యం, అది మాత్రం మన కృష్ణా జిల్లా. కొమర్రాజు లక్ష్మణరావుగారు దివానుగా ఉన్నది ఆ సంస్థానంలోనే. 1959 దాకా అది కృష్ణా జిల్లా లెక్కల్లోనే ఉండి, తర్వాత నల్లగొండలో కలిసింది. ఇటు చూస్తే నందిగామకూ బెజవాడకూ నడుమ పరిటాల, దాని చుట్టుపక్కల మరికొన్ని ఊళ్లు. చుట్టూ ఇంగ్లీషు రాజ్యం, ఆ ఊళ్లు మాత్రం నైజాం నవాబువి. వజ్రాల గనుల మీద మమకారంతో నవాబులు వాటిని వదులుకోలేదంటారు. పొద్దున మన రాజ్యంలో బయల్దేరిన బండి పరిటాల దగ్గర పరాయి రాజ్యంలో అడుగుపెట్టి, మధ్యాహ్నానికి మళ్లీ మన రాజ్యంలోకి వచ్చేది. ఎద్దులకేం తెలుసు! హద్దు తెలిసేది బండి తోలే మనిషికే.

1947 ఆగస్టు 15 వచ్చింది. పాలేరుకు ఇటు జెండా ఎగిరింది. అటు ఎగరలేదు. అక్కణ్ణుంచి పదమూడు నెలలు ఈ ఊళ్లు చూసినవి చూడకూడనివి. రజాకార్ల గుర్రాల చప్పుడు వినబడ్డ రాత్రి అటువైపు పల్లెల్లో దీపాలు ఆర్పేసేవాళ్లు. పిల్లాజెల్లా, గొడ్డూగోదా, తట్టాబుట్టా పట్టుకుని చీకట్లో వాగులు దాటి యూనియన్‌లోకి వచ్చేవాళ్లు. యూనియన్ అనేది అప్పటి మాట. ఇండియన్ యూనియన్ అని పూర్తిగా అనే తీరిక ఎవరికుంది? యూనియన్‌లో పడ్డాం, బతికాం అనుకునేవాళ్లు. జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఊళ్లలో అరుగుల మీద, పశువుల కొట్టాల్లో, చింతచెట్ల కింద కాపురాలు పెట్టారు. ఇటువాళ్లు జొన్నలు కొలిచి ఇచ్చారు, గంజి కాచి పోశారు, గొడ్లకు చొప్ప వేశారు. సరిహద్దు వెంబడి కాంగ్రెస్ వాళ్లు శిబిరాలు పెట్టారు, కమ్యూనిస్టులూ పెట్టారు. వాగుకు అటుపక్క తన చేను కనిపిస్తూనే ఉంటుంది. కోతకు వచ్చిన పంట వంగి ఉంటుంది. వెళ్లి కోసుకోలేని రైతు ఇటు ఒడ్డున గొంతుకూర్చుని చూస్తుంటాడు. ఒక్క కెమెరా ఆ మనిషి వెనక నిలబడి, ఆయన వీపునూ, ఆ వాగునూ, ఆ చేనునూ ఒకే చూపులో పట్టుకుని ఉంటే! నా మనసులో ఆ సినిమా ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది.

కెమెరా రాలేదు, నాటకం వచ్చింది. ముంబైలో 1943లో పుట్టిన నాటక సంఘం ఇప్టాకు మన దగ్గర ప్రజానాట్యమండలి అని పేరు. బెజవాడ దానికి పుట్టిల్లు. డాక్టర్ గరికపాటి రాజారావు దానికి ప్రాణం. వైద్యం చదివిన మనిషి, ఊరూరా నాటకాన్ని మందులా పట్టుకుని తిరిగాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1947లో 'మా భూమి' రాశారు. నాటకం రాసింది పాలేరుకు ఇటువాళ్లు. బాధ అటువాళ్లది. కన్నీళ్లకు నాకాలూ సుంకాలూ ఉండవని ఆ జంట నమ్మింది. విసునూరు దేశముఖ్ అండ చూసుకుని భూమి లాక్కోబోయినవాళ్లతో ఏళ్ల తరబడి కోర్టులో కొట్లాడి గెలిచి, 1940లో హత్యకు గురైన బందగీ అనే పేద ముస్లిం రైతు కథ దానికి ఊపిరి.

ఆ ప్రదర్శన ఎలా ఉండేదో తలుచుకోండి. రెండు బళ్లు కాడి దించి పక్కపక్కన నిలిపితే, పైన తలుపు చెక్కలు పరిస్తే రంగస్థలం. పెట్రోమాక్స్ లైటుకు గాలి కొట్టే కుర్రాడు. వేదిక ముందు చాపల మీద పిల్లలు, వెనక కండువాలు చుట్టుకున్న పెద్దలు, ఆ వెనక చీకట్లో ఆడవాళ్లు. దొర కర్ర ఎత్తగానే చీకట్లోంచి ఒక వెక్కు వినిపిస్తుంది. అటు నుంచి పారిపోయి వచ్చిన తల్లి ఎవరో. ఇటు వేదిక మీద చూస్తున్నది మొన్న తన వాకిట్లో జరిగిందే. నటుడికి ఆ వెక్కు వినబడుతుంది. గొంతు వణుకుతుంది. ఆ వణుకు ఏ దర్శకుడూ నేర్పింది కాదు. కృష్ణా, గుంటూరు పల్లెల్లో ఆ నాటకం వందలసార్లు ఆడింది. ఒకే నాటకాన్ని ఎన్నో దళాలు ఒకేసారి భుజాన వేసుకుని తిరిగాయి. నాజర్ బుర్రకథకు గుమ్మెట మోగితే పక్క ఊళ్ల నుంచి జనం కదిలేవాళ్లు. సరిహద్దునూ వలసనూ కళలో చెప్పే విద్య ఈ నేలకు అప్పటికే పట్టుబడింది. మిగిలింది ఒక్క మెట్టు, బండి మీది నుంచి తెర మీదికి.

1948 సెప్టెంబరు 13న యూనియన్ సైన్యం కదిలింది. మేజర్ జనరల్ అజిత్ రుద్ర నడిపిన దళం బెజవాడ వైపు నుంచి ఈ రోడ్డునే పట్టుకుని సూర్యాపేట దిక్కుగా సాగింది. రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లలో పదమూడు నెలలు పరాయి అరుగుల మీద పడుకున్నవాళ్లున్నారు. ట్యాంకుల దుమ్ము తమ ఊరి వైపు పోతుంటే వాళ్లు ఏడ్చారో నవ్వారో ఊహించుకోవడమే మన వంతు. 17వ తేదీన నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాతి రోజుల్లో బళ్లు వెనక్కి తిరిగాయి. ఇళ్లకు తాళాలు వేసి వచ్చినవాళ్లకు తలుపులే లేని ఇళ్లు ఎదురొచ్చాయి. ఆ తిరుగు ప్రయాణం, వాగు నీళ్లలో ఆ ఎద్దుల కాళ్లు, గడప దగ్గర ఆ మొదటి నిశ్శబ్దం, వీటిలో ఏ ఒక్కదాన్నీ సినిమాగా మలిచినవాడు లేడు. చేజారిన అవకాశాల్లో ఇది మొదటిది. ఇంకా కొన్ని ఉన్నాయి, చెప్పాలంటే ప్రాణం ఒప్పదు.

నవాబు దిగిపోయాడు గానీ తుపాకులు దిగలేదు. అవి కమ్యూనిస్టుల మీదికి తిరిగాయి. తెలంగాణలో పోరాటం 1951 అక్టోబరు దాకా సాగి ఆగింది. ఇటు మద్రాసు ప్రభుత్వం 'మా భూమి'ని నిషేధించింది. నాటకం ఆడినవాళ్ల కోసం పోలీసులు ఊళ్ల మీద పడ్డారు. కొందరు జైలుకు, కొందరు అజ్ఞాతంలోకి. డప్పులు అటకెక్కాయి. హద్దు దాటిన శరణార్థుల కథలు చెప్పినవాళ్లు తామే శరణార్థులై, ఇంటింటి తలుపు తట్టి ఒక రాత్రి తలదాచుకోవలసి వచ్చింది. ఒక కళాబృందం కూలడమంటే ఏదో ఒక రోజున పెళపెళమని కూలదు. ఒక దళంలో హార్మోనియం మనిషి దొరకడు. మరో దళంలో నాయకుడు జైల్లో ఉంటాడు. ఇంకో దళంలో పొట్టకు లేక కుర్రాళ్లు పొలం పనికి పోతారు. ఒకనాటికి చూసుకుంటే ఎవరూ మిగలరు. ప్రజానాట్యమండలి తర్వాత మళ్లీ లేచి నిలబడింది, ఆ పేరుతో పాటలు మళ్లీ మోగాయి. కానీ 1947లో పాలేరు ఒడ్డున ఉన్న ఆ వేడి, ఆ తరం, ఆ ఘడియ మళ్లీ రాలేదు.

మిగిలినవాళ్లకు దారి మద్రాసే. మనకు మద్రాసు దారి కొత్తది కాదు. జగ్గయ్యపేట పక్క ధనంబోడు మీద బౌద్ధ స్తూపం ఉండేది. 1880ల్లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అందులో బయటపడ్డ పలక మీద మాంధాత చక్రవర్తి నిలబడి చెయ్యి పైకెత్తితే మబ్బుల్లోంచి నాణేలు వాన కురుస్తున్నాయి. ఎత్తిన చెయ్యి, జారుతున్న నాణేలు, చుట్టూ రాణి, మంత్రి, ఏనుగు, గుర్రం, చక్రం. రెండువేల ఏళ్ల కిందట ఒక మెట్ట ఊరి శిల్పి రాతిలో కదలికను పట్టిన తీరు చూస్తే కళ్లు చెమరుస్తాయి. మాంధాత కథ కూడా పతనం కథే. భూమి మీద ఏ హద్దూ అతణ్ణి ఆపలేదు. స్వర్గానికి పోయి ఇంద్రుడి పక్కన కూర్చున్నాడు. సగం చాలక మొత్తం సింహాసనం కావాలనుకున్నాడు, అక్కణ్ణుంచి నేల మీద పడ్డాడు, ఆశ తీరకుండానే కన్నుమూశాడు. ఆ శిల్పం చివరికి మద్రాసు మ్యూజియం చేరింది. డెబ్బై ఏళ్ల తర్వాత మన కళాకారులూ అదే ఊరు చేరారు.

అక్కడ వాళ్లకు అన్నం దొరికింది, పేరు దొరికింది. కాదనను. తాతినేని ప్రకాశరావు 1952లో 'పల్లెటూరు' తీశారు. కె.బి. తిలక్ వచ్చారు. రాజారావుగారు 1953లో సొంతంగా 'పుట్టిల్లు' తీశారు. జమున తెరకు పరిచయమైంది అందులోనే, అల్లు రామలింగయ్యకూ అదే మొదటి బొమ్మ. తెలుగువాళ్లు యాభై ఏళ్లు గుండెల్లో పెట్టుకున్న ముఖాల్ని ఇచ్చిన ఆ సినిమా ఆయనకు మాత్రం ఏమీ ఇవ్వలేదు. ఆడలేదు. ఊరూరా వేల గుండెల్ని కదిలించిన మనిషి థియేటరు టిక్కెట్టు దగ్గర ఓడిపోయాడు. 1963లో కన్నుమూశాడు. నలభై ఎనిమిదేళ్లంటే పోవలసిన వయసా అది?

నాకు నిద్రపట్టనివ్వని ఆలోచన ఒకటుంది. 'పుట్టిల్లు' ఆడి ఉంటే ఏమయ్యేది? నాలుగు డబ్బులు మిగిలి ఉంటే, రాజారావు రెండో సినిమాగా ఏం తీసేవాడు? 'మా భూమి' ఆయన ఇంటి నాటకం. అందులో వేషం కట్టిన కుర్రాళ్లు ఆ ఊళ్లోనే స్టూడియోల చుట్టూ తిరుగుతున్నారు. కథ తెలుసు, మనుషులు తెలుసు, ఏ వాగు దగ్గర ఏ తల్లి ఏడ్చిందో తెలుసు. అప్పటికి యూనియన్ సైన్యం కదిలి అయిదేళ్లే. గోడల మీది మసి ఇంకా చెరగలేదు.

బెంగాల్లో ఇదే ఇప్టా, ఇదే రకం మనుషులు, ఇదే రకం గాయం. కానీ అక్కడ గాయం తెర మీదికి వచ్చింది. నిమాయ్ ఘోష్ 1950లో 'ఛిన్నమూల్' తీశాడు. దేశం ముక్కలై వేరు తెగిన రైతుల కథ. సియాల్దా స్టేషన్లో పడి ఉన్న అసలు శరణార్థుల్ని కెమెరా ముందుకు తెచ్చాడు. అందులో చిన్న వేషం వేసిన రిత్విక్ ఘటక్, తర్వాత బతుకంతా ఆ హద్దునే పట్టుకుని వేలాడాడు. 'మేఘే ఢాకా తారా', 'కోమల్ గాంధార్', 'సువర్ణరేఖ'. 'కోమల్ గాంధార్'లో ఒక దృశ్యం ఉంది. చీలిపోయిన నాటక బృందంలోని ఇద్దరు పద్మా నది ఒడ్డున నిలబడి అవతలి గట్టున తమ దేశాన్ని చూస్తుంటారు. ఒకప్పుడు అటు తీసుకుపోయిన రైలుపట్టా ఇప్పుడు అక్కడితో ఆగిపోయింది. కెమెరా ఆ పట్టా మీద పరుగెత్తి, పరుగెత్తి, చివరనున్న అడ్డుకట్టను ఢీకొడుతుంది. తెర నల్లబడుతుంది. అది చూసినప్పుడల్లా నాకు పాలేరే కనిపిస్తుంది. ఘటక్ కూడా సుఖపడలేదు. సినిమాలు ఆడలేదు, తాగుడు తినేసింది, 1976లో యాభై ఏళ్లకే పోయాడు. కానీ బెంగాలీలకు వాళ్ల వలస మిగిలింది. హిందీలో ఇప్టా మనిషే అయిన ఎం.ఎస్. సత్యు 'గరమ్ హవా' తీసి ఆగ్రాలో ఒక ముస్లిం కుటుంబపు ఊగిసలాటను దేశానికి చూపించాడు. మనకు మాత్రం ఏదీ మిగల్లేదు.

ఇందులో మరీ బాధపెట్టేది ఇంకొకటుంది. 'ఛిన్నమూల్' తీసిన నిమాయ్ ఘోష్ తర్వాత మద్రాసుకే వచ్చి స్థిరపడ్డాడు. ఛాయాగ్రాహకుడిగా పనిచేశాడు, స్టూడియో కార్మికుల కోసం సంఘం కట్టాడు, 1960లో తమిళంలో ఒక సినిమా కూడా తీశాడు. శరణార్థిని ఎలా చిత్రించాలో తెలిసిన కన్ను, శరణార్థుల కథ తెలిసిన మన వాళ్ల గొంతు ఒకే ఊళ్లో ఏళ్ల తరబడి ఉన్నాయి. ఒకే టీ కొట్లో ఎదురెదురుగా కూర్చుని ఉండవచ్చు. సరిహద్దు గురించిన తెలుగు సినిమా మాత్రం ఆ ఇద్దరి నడుమ నుంచి పుట్టలేదు. కారణాలు వెదికితే దొరుకుతాయి. పెట్టుబడి పెట్టేవాళ్లకు పోరాటమంటే భయం, సెన్సారంటే భయం. 1956 దగ్గరపడ్డాక విశాలాంధ్ర ఉత్సాహంలో పాత హద్దుల ఊసు ఎవరికీ రుచించలేదు. ఇద్దరు అన్నదమ్ములు కలుస్తుంటే గోడ గురించి మాట్లాడేవాడు చెడ్డవాడవుతాడు. ఆ మొహమాటం అర్థమవుతుంది. దానికి కట్టిన మూల్యం కూడా చూడాలి.

సినిమావాళ్లు హద్దును మరిచిపోయారని మాత్రం అనలేం. సినిమా వ్యాపారంలో ఇప్పటికీ ఏరియాల పేర్లు నైజాం, సీడెడ్, ఆంధ్రా. నవాబు పోయాడు, రాజ్యం పోయింది, హాలీ నాణెం పోయింది, పంపిణీదారు పుస్తకంలో నైజాం మాత్రం పోలేదు. రీలు డబ్బాల కాలంలో కోదాడకు వెళ్లే డబ్బా నైజాం లెక్క, జగ్గయ్యపేటకు వచ్చేది కృష్ణా లెక్క. రెండు ఊళ్లకూ నడుమ పాతిక కిలోమీటర్లు ఉంటే గొప్ప. ఒకే బొమ్మను ఒకే రాత్రి రెండు ఊళ్లలో చూసి ఒకేచోట ఏడ్చిన మనుషుల్ని ఆ పుస్తకం రెండు కాలాల్లో రాసుకుంది. మన సినిమాకు సరిహద్దు బాగా తెలుసు, ఖాతా పుస్తకంలో. తెర మీద ఎప్పుడూ తెలియదు.

ఆఖరికి 1980 మార్చిలో 'మా భూమి' పేరుతో సినిమా వచ్చింది. బి. నర్సింగరావు, రవీంద్రనాథ్ నిర్మించారు. దర్శకుడు గౌతమ్ ఘోష్, మళ్లీ ఒక బెంగాలీ. ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. ఆ సినిమాకు నేను చేతులెత్తి మొక్కుతాను. తెలంగాణ పల్లెను ఆ కళ్లతో చూపించిన బొమ్మ మనకు ఇంకొకటి లేదు. అందులో రామయ్య ఊరు వదిలి పట్నం పోతాడు, రిక్షా లాగుతాడు, నాలుగక్షరాలు నేర్చుకుంటాడు, మళ్లీ ఊరికొచ్చి తుపాకీ పడతాడు. యూనియన్ సైన్యం వచ్చాక ఏమైందో కూడా మొహం తిప్పుకోకుండా చూపిస్తుంది. అదంతా ఒప్పుకుంటూనే ఒక మూల దిగులు పడతాను. రామయ్య వలస పడమటికి, పట్నానికి. తూర్పుకు, జగ్గయ్యపేట అరుగుల మీదికి వచ్చినవాళ్లు అందులో లేరు. వాళ్ల కథ తెలిసిన రాజారావు పోయి అప్పటికే పదిహేడేళ్లు. నాటకం పుట్టిన ముప్పైమూడేళ్లకు ఆ పేరు తెర ఎక్కింది, పొలిమేర మాత్రం ఎక్కలేదు.

నర్సింగరావు ఆగలేదు. 1990లో 'మట్టి మనుషులు' తీశారు. కరువు ఊరి నుంచి పట్నానికి కూలికొచ్చిన ఆలుమగలు. కడుతున్న మేడలు లేస్తుంటాయి, వాళ్ల కాపురం కూలుతుంటుంది. అందులో నటించిన అర్చన ముఖం చూస్తుంటే, నందిగామ సెంటర్లో తెల్లారగట్ల గమేళా బోర్లించి దాని మీద కూర్చుని మేస్త్రీ పిలుపు కోసం ఎదురుచూసే ఆడకూతుళ్లు గుర్తొస్తారు. తెలుగులో వలస గురించి అంత మెల్లగా, అంత నొప్పిగా మాట్లాడిన సినిమా మరొకటి నాకు తెలియదు. చూసినవాళ్లెందరు? మన మెట్ట ఊళ్లలో దాని పేరు విన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆ పాత హద్దు దగ్గరికి మనుషులు మరోసారి వచ్చి ఆగారు. 2020 మార్చి 24 రాత్రి కరోనా వల్ల దేశమంతటికీ తాళం పడింది. హైదరాబాదులో హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. పోలీసుల దగ్గర అనుమతి కాగితాలు తీసుకుని వేలమంది కుర్రాళ్లు, ఆడపిల్లలు, కూలీలు, బైకుల మీదా కార్లలోనూ సొంతూళ్లకు బయల్దేరారు. ఆ కాగితాలు గరికపాడు దగ్గర చెల్లలేదు. డెబ్బై రెండేళ్ల తర్వాత మళ్లీ అదే చోట, అదే తెలుగు మాట్లాడే మనుషులు, సొంత ఊరు వంతెనకు అవతలే ఉన్నా అడుగు వేయలేక నిలబడ్డారు. కొందర్ని నూజివీడు ట్రిపుల్ ఐటీకి క్వారంటైన్‌కు పంపారు. మిగతావాళ్లు రోడ్డు మీద ఎండలో ఉండిపోయారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అన్నం పొట్లాలు తెచ్చి ఇచ్చారు, 1948లో గంజి పోసిన ఊళ్లే అవి. మరుసటి ఏడు మేలో తంతు తిరగబడింది. ఈసారి ఆంధ్ర నుంచి హైదరాబాదు ఆస్పత్రులకు పోయే అంబులెన్సుల్ని అటు ఒడ్డున ఆపారు. లోపల ఆక్సిజన్ పెట్టుకున్న తండ్రి, బయట చేతులు జోడించిన కొడుకు. తెలంగాణ హైకోర్టు జోక్యం చేసుకుని ఆ అడ్డు తొలగించింది.

ఈసారి కెమెరాలు లేకపోలేదు. ప్రతి చేతిలోనూ ఫోను ఉంది. ఎవరో పిల్ల ఏడుస్తూ తీసుకున్న పది సెకన్ల వీడియో, బారికేడ్ మీద వాలి నిద్రపోతున్న కుర్రాడి బొమ్మ, దూరంగా పాలేరు. రెండు రోజులు గ్రూపుల్లో తిరిగాయి. ఫోన్లు మారాయి, నిండిన మెమొరీలో చోటు కోసం తుడిచేశారు. హిందీలో వినోద్ కాప్రీ బీహారు కూలీల సైకిళ్ల వెంట 1232 కిలోమీటర్లు వెళ్లి డాక్యుమెంటరీ తీశాడు. అనుభవ్ సిన్హా 'భీడ్' అని నలుపు తెలుపుల్లో సినిమా తీశాడు. మనం 1948ని పోగొట్టుకున్నది కెమెరా లేక. 2020ని పోగొట్టుకున్నది కెమెరా ఉండి కూడా.

గరికపాడు దగ్గర ఇప్పుడు ఎవరూ ఆపరు. మిరప కోతల కాలంలో అటు నుంచి కూలీల ముఠాలు ఆటోల్లో వస్తాయి, చేల గట్ల మీద పట్టాలతో గుడారాలు వేసుకుంటాయి, కోతలు అయ్యాక పోతాయి. కల్లంలో కాయ ఏరుతున్న ఆడవాళ్ల వేళ్లు ఎర్రగా మండుతుంటాయి. సాయంత్రం కొబ్బరినూనె రాసుకుంటారు. ఆ వేళ్లను దగ్గర నుంచి చూపించిన తెలుగు సినిమా కూడా ఇంకా రాలేదు.

పోయినవాళ్లను తేలేం. రాజారావును, సుంకరను, వాసిరెడ్డిని, ఆ బళ్ల మీది పెట్రోమాక్స్ వెలుగును తేలేం. కానీ 1948లో పదేళ్ల పిల్లలుగా తల్లి చెంగు పట్టుకుని వాగు దాటినవాళ్లు కొందరు జగ్గయ్యపేటలో, నందిగామలో, కోదాడలో, మునగాలలో ఇంకా ఉన్నారు. వాళ్లకు తొంభై ఏళ్లు దగ్గరపడ్డాయి. మీ ఇంట్లో అలాంటి తాతయ్యో అమ్మమ్మో ఉంటే ఈ ఆదివారం వాళ్ల పక్కన కూర్చోండి. ఫోను నిలబెట్టి, "ఆ రాత్రి ఎలా వచ్చారు అమ్మమ్మా?" అని అడగండి. మధ్యలో ఆపకండి, తొందరపెట్టకండి. చెప్పింది చెప్పినట్టు దాచండి. ఈసారి తుడిచెయ్యకండి.